చెట్టునకును పశువునకును మేలుచేసిన చార్లెస్ లౌన్స్‌బరీ

మన పూర్వులు వైద్యశాస్త్రమును మానవునికి మాత్రమే పరిమితము చేసినవారు కారు. సురపాలుడు వృక్షాయుర్వేదమును రచించి చెట్లకు గలుగు రోగములను, వాని చికిత్సలను వివరించెను. శాలిహోత్రుని పేర అశ్వవైద్యమును, పాలకాప్యుని పేర గజవైద్యమును ప్రసిద్ధికెక్కినవి. ప్రాణమున్నచోటనెల్ల వ్యాధి యుండుననియు, వ్యాధియున్నచోటనెల్ల వైద్యుడు కావలయుననియు వారు తలచిరి. ఇట్టి సంప్రదాయమున బుట్టిన మనకు, ఫలవృక్షములను పీడించు పురుగులను, పశువుల రక్తము త్రాగు గోమారులను ఒక్క జీవితములోనే పరిశోధించిన పండితుని చరిత్రము వింతగ దోపక మిక్కిలి ప్రియమగునని నా నమ్మకము. ఆయన పేరు చార్లెస్ పగ్స్‌లీ లౌన్స్‌బరీ.

ఈయన మన దేశీయుడు కాడు. మన కులమువాడు అంతకంటెను కాడు. అట్టివాని జీవితమును మన మహాసభ సంచికలో వ్రాయుటకు రెండు కారణములు గలవు. మన సంఘమువారిలో పెక్కుమందికి పాడియు తోటయు తరతరములుగ జీవనాధారములు గదా! ఆ రెంటికిని శత్రువులైన క్రిములను జయించు తెరువు చూపినవాడు పరాయివాడు కాజాలడు. ఇది మొదటి కారణము. ఇక రెండవది. మా ఋషికొండ తీరమున నిలిచి సముద్రమును జూచునపుడెల్ల నాకు నెటాలు దేశము జ్ఞప్తికి వచ్చును. 1860వ సంవత్సరమున ట్రూరో యను ఓడ మదరాసు రేవు విడిచి డర్బను చేరినది మొదలు 1911 వరకు, మన విశాఖపట్టణము, గంజాము మండలములనుండి ఎందరో తెలుగువారు ఒప్పందపు కూలీలై ఆ దేశమునకు బోయి చెరకుతోటలలో చెమటోడ్చిరి. వారి సంతతివారు నేటికిని అచట నున్నారు. 1931లో వారు స్థాపించుకొనిన ఆంధ్ర మహాసభ వారి భాషాభిమానమునకు సాక్షి. లౌన్స్‌బరీగారు పనిచేసినది ఆ దక్షిణాఫ్రికా ఖండమునందే. ఆయన కాలమున నెటాలు పసులమందలను తుడిచిపెట్టిన వ్యాధి మనవారు నివసించిన నేలమీదనే వ్యాపించినది.

లౌన్స్‌బరీగారు 1872లో అమెరికా సంయుక్తరాష్ట్రములలో జన్మించిరి. మసాచుసెట్సు వ్యవసాయ కళాశాలలో చార్లెస్ ఫెర్నాల్డు అను కీటకశాస్త్రాచార్యునికి శిష్యులైరి. ఆ కాలమున ఆ రాష్ట్రము ఐరోపానుండి వచ్చిపడిన జిప్సీ చిమ్మట యను పురుగుచేత గాసిపడుచుండెను. దాని గొంగళులు చెట్ల ఆకులను తినివేసి అడవులను మోడులు చేయుచుండగా, దానిని అణచుటకు ప్రభుత్వము విశేషధనము వెచ్చించుచుండెను. పరదేశమునుండి ఒక్క పురుగు తప్పించుకొని వచ్చిన ఎంత ప్రమాదమో ఆ యువకునికి విద్యార్థిదశయందే తెలియవచ్చెను. ఈ పాఠము వారికి జీవితాంతము ఉపకరించినది.

అప్పుడు ఆంగ్లేయుల యేలుబడిలో నున్న కేపు సీమలో ద్రాక్ష, నారింజ, పియరు మొదలగు పండ్లతోటలు వృద్ధినొందుచుండెను. తోటలతోపాటు పురుగులును వృద్ధియయ్యెను. అందుచే ఆ ప్రభుత్వము కీటకశాస్త్రజ్ఞుని కొలువునకు నియమింపదలచి అమెరికానుండి లౌన్స్‌బరీగారిని పిలిపించినది. 1895లో వారు కేపుటౌను చేరునాటికి వారి వయస్సు ఇంచుమించు ఇరువదిమూడేండ్లు మాత్రమే. నెరసిన రైతులు ఆ బాలపండితుని జూచి ఏమనుకొనిరో మనము ఊహింపవచ్చును. కాని వారు తోటలవెంట తిరిగి, రైతు చెప్పినది విని, ఆకు త్రిప్పి చూచి, కొమ్మ విరిచి చూచి, తమ మాటకు విలువ సంపాదించుకొనిరి.

వారి రాకకు కొలది సంవత్సరములకు పూర్వమే ఆ దేశపు నారింజతోటలలో ఒక వింత జరిగియుండెను. దూదివలె తెల్లనైన పొలుసుపురుగు చెట్లను కప్పివేసి చంపుచుండగా, కాలిఫోర్నియానుండి వెడాలియా యను ఒకజాతి అక్షింతలపురుగును తెప్పించి వదలిరి. మన పొలములలో పిల్లలు అరచేత బెట్టుకొని యాడు ఎఱ్ఱని అక్షింతలపురుగునకు ఇది జ్ఞాతియే. ఆ చిన్నప్రాణి పొలుసుపురుగును తిని తోటలను రక్షించెను. పురుగుతో పురుగును జయించు ఈ యుపాయమును లౌన్స్‌బరీగారు ప్రీతితో స్వీకరించిరి. దానితో దీరనిచోట, చెట్టుపై గుడారమువలె గుడ్డ గప్పి లోపల విషవాయువును నింపి పొలుసుపురుగులను చంపు కాలిఫోర్నియా పద్ధతిని ప్రచారము చేసిరి. పరదేశపు మొక్కలను ఓడనుండి దింపకమున్నే పరీక్షింపవలయునని పట్టుబట్టిరి. మొక్కలమ్ము వర్తకులకు ఇది కష్టముగ నుండెను. అయినను వచ్చిన శత్రువును చంపుటకంటె రానీయకుండుట సులభమని వారు వాదించిరి. 1911లో ఐక్య దక్షిణాఫ్రికా ప్రభుత్వము చేసిన వ్యవసాయ క్రిమికీటక శాసనము ఈ సిద్ధాంతమునే ఆధారముగ గొన్నది.

వారు తలపెట్టినదెల్ల సిద్ధించెనని చెప్పుట సత్యము గాదు. పండ్లలో గ్రుడ్లుపెట్టి లోపలి కండను కుళ్లజేయు పండుఈగ ఆ దేశపు తోటలకు గొప్ప శత్రువు. దానికి విరోధియైన కీటకమును వెదకుటకై 1905 ప్రాంతమున వారును, నెటాలు కీటకశాస్త్రజ్ఞుడగు క్లాడ్ ఫుల్లరును సముద్రము దాటి బ్రెజిలు దేశమునకు బోయిరి. తెచ్చిన కీటకములు కేపు నేలపై నిలదొక్కుకొనలేదు. అంత దూరము బోయి వట్టిచేతులతో నిలుచుట యెవరికైనను కష్టమే. లౌన్స్‌బరీగారు దానిని అపజయముగనే యెంచి వేరొక పనికి బూనుకొనిరి.

ఆ వేరొక పనియే వారికి శాశ్వతకీర్తి దెచ్చినది. కేపు సీమ తూర్పుభాగమున గొఱ్ఱెలు, మేకలు, పశువులు జ్వరము దగిలి, తూలి, గిలగిల తన్నుకొని మరణించుచుండెను. కోసి చూడగా గుండె చుట్టును నీరు నిండియుండెడిది. అందుచే ఆ రోగమునకు గుండెనీరను అర్థముగల పేరు వచ్చెను. చుక్కలుగల పెద్దగోమారి వచ్చినచోటికే ఈ రోగము వచ్చుచున్నదని అచటి రైతులలో కొందరు చిరకాలముగ చెప్పుచుండిరి. చదువుకొన్నవారిలో పలువురు దానిని పామరుల మాటగ త్రోసివేసిరి. మఱికొందరు విచారింపకయే నమ్మిరి. లౌన్స్‌బరీగారు త్రోసివేయనులేదు, నమ్మనులేదు. పరీక్షింపనారంభించిరి.

పరీక్షకు ముందు గోమారి జీవితమును తెలిసికొనవలయును. మన ప్రాంతమున కొందరు గోమారియనియు, కొందరు పిడుదనియు పిలుచు ఈ ప్రాణిని చూడనివారు లేరు. దాని చరిత్రము తెలిసినవారు అరుదు. తల్లి రక్తము త్రాగి ఉబ్బి నేల రాలి, వేలకొలది గ్రుడ్లుపెట్టి చచ్చును. గ్రుడ్డునుండి ఆరుకాళ్ల పిల్ల పుట్టి, గడ్డిపరక కొనకెక్కి, దారిని బోవు పశువును పట్టుకొనును. రక్తము త్రాగి రాలి, కుబుసము విడిచి, ఎనిమిదికాళ్లు గలదియై వేరొక పశువు నెక్కును. మరల రాలి, మరల కుబుసము విడిచి, పెద్దదై మూడవ పశువును చేరును. చుక్కలగోమారి యిట్లు ముగ్గురు యజమానుల యింట భోజనము చేయును. ఈ చక్రమంతయు పూర్తియగుటకు ఏడాదియో, అంతకంటె నెక్కువయో పట్టును. లౌన్స్‌బరీగారు ఆ చక్రమును గ్రుడ్డునుండి గ్రుడ్డువరకు స్వయముగ కనిపెట్టి 1899లో ప్రకటించిరి.

తరువాత, రోగిష్ఠిపశువు రక్తము త్రాగిన పిల్లలను కుబుసము విడుచువరకు వేచి, ఆరోగ్యముగల జంతువులపై వదలిరి. ఆ జంతువులకు గుండెనీటి రోగము వచ్చినది. రోగము లేనిచోట పెరిగిన గోమారులను వదలగా నేమియు గాలేదు. 1900వ సంవత్సరమున ఈ ఫలితము వెల్లడియయ్యెను. కాపరి మాట నిజమైనది; పండితుడు దానిని నిజమని నిలిపెను. ఆ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కౌడ్రీ యను శాస్త్రజ్ఞుడు కనుగొన్నది 1925లో. అనగా చంపుచున్న దొంగ యెవడో తెలియక పూర్వమే, వాడెక్కివచ్చు బండిని లౌన్స్‌బరీగారు పట్టుకొనిరన్నమాట.

1901లో వారు కుక్కలకు వచ్చు ఘోరమైన కామెర్లవ్యాధిని పరిశోధించిరి. ఇచట గోమారి వేరొక మాయ చూపెను. రోగియైన కుక్క రక్తము త్రాగిన తల్లి గ్రుడ్లుపెట్టగా, వానినుండి పుట్టిన పిల్లలు చిన్నతనమున ఏ కుక్కకును హానిచేయలేదు. అవే పెరిగి పెద్దవైన పిదప కఱచినచో రోగము వచ్చినది. తల్లి త్రాగిన విషము బిడ్డ యెదిగిన తరువాతగాని బయల్పడలేదు. ఒకటిరెండు నెలలలో ఫలితము కోరువాడు ఈ రహస్యమును ఎన్నటికిని కనుగొనజాలడు.

ఇంతలో దక్షిణాఫ్రికాకు గొప్ప విపత్తు వచ్చినది. 1896లో వచ్చిన దొడ్డరోగము పసులమందలను నాశనము చేయగా, ఆ వెలితిని పూరించుటకు తూర్పు ఆఫ్రికా తీరమునుండి పశువులను తెప్పించిరి. వానితోపాటు క్రొత్తజ్వర మొకటి వచ్చి, 1902 నాటికి నేటి జింబాబ్వే యగు రొడీషియాలోను ట్రాన్స్‌వాలులోను, 1904 నాటికి నెటాలులోను వ్యాపించెను. తూర్పుతీర జ్వరమని దానికి పేరు. పట్టిన పశువులలో నూటికి తొంబదికి పైగా చచ్చుచుండెను. దున్నుటకు ఎద్దులేదు, బండికి ఎద్దులేదు, బిడ్డకు పాలులేవు. క్షయరోగక్రిమిని కనుగొన్న మహామహుడు రాబర్టు కాక్ పండితుడు 1903లో బులవాయో నగరమునకు వచ్చి పరిశోధించి, నీలిగోమారిని శంకించి, సూదిమందుచే రోగమును నిరోధింపవచ్చునని తలచెను. ఆ యుపాయము ఫలింపలేదు.

అప్పుడు లౌన్స్‌బరీగారును, ప్రిటోరియాలో పశువైద్యుడగు ఆర్నల్డు టైలరుగారును పరస్పరసహాయముతో పనికి దిగిరి. లౌన్స్‌బరీగారు ఒక్కొక్కజాతి గోమారిని పరీక్షించి, నేరము గోధుమవన్నె గోమారిదని 1903, 1904 సంవత్సరములలో నిరూపించిరి. పెద్దగోమారి పశువు చెవులను ఎక్కువగ ఆశ్రయించును. ఇంకను ముఖ్యమైన సంగతులు రెండు తేలినవి. ఈ విషము తల్లినుండి గ్రుడ్డునకు పోదు. ఒక దశలో త్రాగినది తరువాతి దశలో మాత్రమే బయటపడును. అప్పుడు వేరొక జంతువును కఱచినచో ఆ విషము వ్యయమై గోమారి నిర్దోషియగును.

పాఠకులు ఈ రెండు వాక్యముల విలువను గుర్తింపవలయును. గోమారి విషము వంశపారంపర్యము కానియెడల, పశువులు లేని బీడులో కొంతకాలమునకు దానంతట అదియే నశింపవలయును. కంచెవేసి ఇంచుమించు పదునైదు నెలలు పశువులను రానీయకున్న భూమి శుద్ధియగునని ఈ ఆధారముతోనే తేలినది. గోమారి పశువుపై ఎన్నిదినములుండునో తెలిసినందున, అది రాలిపోకమున్నే పశువును పాషాణపు నీటితొట్టిలో ముంచి చంపవచ్చుననియు తెలిసినది. నెటాలు ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు వాట్కిన్స్-పిచ్‌ఫర్డు కొలదిదినముల కొకమారు ముంచు క్రమమును ఏర్పరచెను. సూదిమందు చేయలేని పనిని కంచెయు, తొట్టియు, కాలమును చేసినవి. రోగకారియగు సూక్ష్మజీవిజాతికి టైలరుగారి గౌరవార్థము థైలేరియా యని పేరు కలిగినది.

1910లో దక్షిణాఫ్రికా రాష్ట్రములు ఏకమైనవి. మరుసటియేడు లౌన్స్‌బరీగారు ప్రిటోరియాలో దేశమంతటి కీటకశాస్త్రశాఖకు అధిపతియై 1927లో విశ్రాంతినొందువరకు ఆ పదవిని నిర్వహించిరి. ఆ కాలమున జరిగిన యొక ముచ్చట మన దేశమునకు సంబంధించినది. 1795లో ఎఱ్ఱరంగు నిచ్చు పురుగని భ్రమపడి కుంపిణీవారు బ్రెజిలునుండి ఒక కీటకమును బంగాళమునకు దెప్పించిరి. రంగు పనికిరాలేదు, కాని ఆ పురుగు ఒకజాతి నాగజెముడును తిని నిర్మూలించెను. ఈ దేశమున స్థిరపడిన ఆ పురుగు సంతతినే 1913లో దక్షిణాఫ్రికాకు గొనిపోయి వదలగా, అచట బీడులనాక్రమించిన ఆ జాతి నాగజెముడు నశించెను. భారతదేశపు పేరుతోనే ఆ పురుగును గూర్చి లౌన్స్‌బరీగారు 1915లో వ్యాసము వ్రాసిరి. మనవా రచట చెఱకు నాటిరి. మన పురుగు అచట ముండ్లపొదను పెఱికెను. 1926లో ఆ జ్ఞాతికీటక మొకటి సింహళముమీదుగ దక్షిణ భారతమునకు వచ్చి ఇచటి మఱియొకజాతి నాగజెముడును అణచినది.

లౌన్స్‌బరీగారు 1955లో ప్రిటోరియాలో పరమపదించిరి. దక్షిణాఫ్రికా తూర్పుతీర జ్వరమునుండి విముక్తమైనది ఇంచుమించు ఆ కాలమునందే. తాము యౌవనమున గుర్తుపట్టిన శత్రువు సమూలముగ పోవుటకు అర్ధశతాబ్దము పట్టినది.

ఇప్పుడు నా అనుభవ మొకటి విన్నవింతును. నా బాల్యమున ఋషికొండ సరుగుడుతోటలు, జీడితోటలుగల పల్లెటూరు. సాయంకాలమున మా తల్లి ఆవు చెవుల మడతలు వెదకి, గోమారులను ఏరి నిప్పులలో వేయుచుండెడిది. ఎందులకని యడుగగా రక్తము త్రాగునని మాత్రమే చెప్పెడిది. నేను పెద్దవాడనై ఉద్యోగమున కుదిరి, పాలకొఱకు సంకరజాతి ఆవును కొంటిని. చదువుకొన్నవాడను గదా, చెవులు వెదకుట నాకు తీరిక లేని పనిగ దోచెను. ఒక వేసవిలో దానికి తీవ్రజ్వరము వచ్చి, చెవిక్రింద గడ్డలు వాచి, ఐదారు దినములలో చనిపోయినది. వైద్యుడు వచ్చునప్పటికే ఆలస్యమైనది, ఆలస్యము నాదే. దూడ రాత్రియంతయు అఱచినది. పాణినీయము చదివిన నాకు ఆనాడు గోమారి చదువు లేకపోయెను; అక్షరము రాని మా తల్లికి అందు సగము తెలిసియుండెను.

మన దేశమునగల థైలేరియా రోగము ఆఫ్రికా జ్వరమునకు చెల్లెలు. దానిని దెచ్చునది వేరుజాతి గోమారియైనను, విషము గ్రుడ్డునకు పోక దశనుండి దశకు పోవుట రెంటికిని సమానము. మన నాటుపశువులు దానిని కొంతవఱకు ఓర్చుకొనును. సంకరజాతి ఆవులు ఓర్వలేవు. ఈ వ్యాధికి నేడు టీకా కలదు, మందును కలదు. హైదరాబాదునందే ఆ టీకా తయారగుచున్నది. అయినను టీకా కంటె ముందు చేయవలసినవి మన చేతిలోనే యున్నవి. ఈ గోమారి పశువులసాల గోడపగుళ్లలో దాగి కుబుసము విడుచును. కావున పగుళ్లను పూడ్చి సున్నము కొట్టవలయును. చెవులు, పొదుగు, తోకక్రింది భాగము దినదినము చూడవలయును. క్రొత్తగ కొన్న పశువును మందలో కలుపకమున్నే వేరుగ కట్టి పరీక్షింపవలయును. జ్వరము తోచిన నాడే వైద్యుని పిలువవలయును.

తోటల విషయమునందును ఇంతే. మన ప్రాంతపు సువర్ణరేఖ మామిడిని పాడుచేయు పండుఈగ, రాలిన పండ్లలోనుండి నేలలో దూరి మరల ఈగయై లేచును. రాలినపండును చెట్టుక్రింద వదలినవాడు తన శత్రువునకు తానే పురిటిమంచము వేసినవాడగును. దానిని ఏరి లోతుగ పాతిపెట్టినచో చక్రము తెగును.

చెట్టునకైనను పశువునకైనను లౌన్స్‌బరీగారు ఒక్కటే తాళపుచెవిని వాడిరి. శత్రువు పుట్టుక, పెరుగుట, ఆకలి, నిద్ర తెలిసికొని, ఆ చక్రములో ఎచట బలహీనమో అచట కొట్టుటయే వారి విద్య. వారికి కాపరి మాట వినుటకు చెవియు, దానిని పరీక్షించుటకు ఓర్పును ఉండెను. ఈ రెండును ఒకచోట చేరుట అరుదు. మన యిండ్ల ముసలివారికి మొదటిదానికి కావలసిన మాటలున్నవి; మన పిల్లలకు రెండవదానికి కావలసిన చదువు దొరకుచున్నది. మన బాలురును బాలికలును పశువైద్యమును, ఉద్యానశాస్త్రమును అభ్యసించి, సెలవులకు ఇంటికి వచ్చినపుడు అవ్వ చెప్పు మాటను నవ్వి త్రోసివేయక, నమ్మి యూరకుండక, పరీక్షించి చూతురుగాక. మన మహాసభ పోషకులు అట్టి విద్యార్థులకు చేయూతనిత్తురుగాక. మన పశులసాలలు పాడితోడను, తోటలు ఫలములతోడను నిండుగాక.